పడుకుని చూడని పరుపులు

తాను చివరిసారిగా ఒక పరుపు మీద పడుకుని చూసింది ఎప్పుడు?

పరుపులాయనకు ఈ ప్రశ్న ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి చెయ్యి తన చేతిలో ఉండగా తట్టింది. ఆ చెయ్యి తడిగా ఉంది. గిన్నెలు తోముతూ లేచి వచ్చిన చెయ్యి కావచ్చు, ముక్కు చీదిన చెయ్యి కావచ్చు. వెనకనుంచి బావమరిది, "తుడుచుకోకు బావా, చూస్తున్నారు," అని గొణిగాడు. ఆయన తుడుచుకోలేదు. పళ్ళు కనబడేలా నవ్వి, ఆ తడి అరచేతిలో తనంతట తాను ఆరిపోయేదాకా ఓపిక పట్టాడు. ఆరిన తరువాత కూడా అది అక్కడే ఉన్నట్టు తోచింది. మరో గడప, మరో చెయ్యి. ప్రశ్న మాత్రం వెనకే వచ్చింది.

ఎన్నికలు ఆదివారం. ఆయన జిల్లా మండలికి పోటీ చేస్తున్నాడు. ఊళ్ళో ఏ గోడ చూసినా ఆయన మొహమే. మొహం ఆయనదే గానీ, దాని మీది నవ్వు బావమరిది ఎంపిక చేసింది. కొట్టున్న సందులో, మురుగు కాలవ పక్కన అంటించిన కాగితం కిందినుంచి నానిపోయి, గడ్డం దగ్గర ఉబ్బింది. అలా ఉబ్బిన గడ్డంతో, దిగువన నల్లటి నీళ్ళు పారుతుండగా, తాను ఎవరినో చూసి ఇకిలిస్తూ ఉండటం కంటబడి ఒక రోజు ఆయన సందు మార్చుకుని వెళ్ళాడు. అప్పులవాళ్ళకు మొహం చాటేసేవాళ్ళను చూశాడు గానీ, తన మొహానికి తానే మొహం చాటేసిన మనిషిని అంతకుముందు ఆయన ఎరగడు.

ఆ ప్రశ్న అంత బరువుగా ఎందుకు తగిలిందో తెలియాలంటే కొట్టు సంగతి చెప్పుకోవాలి.

అది పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చే కొట్టు. కొత్తవీ అమ్ముతారు గానీ, అసలు పని పాతవాటితోనే. తండ్రి పెట్టిపోయిన పద్ధతులు రెండున్నాయి. ఒక ఇంటి పరుపులోంచి తీసిన దూది మళ్ళీ ఆ ఇంటి పరుపులోకే పోవాలి. పక్కింటిది ఒక్క గుప్పెడు కూడా కలవకూడదు. ఎవరి నిద్ర వాళ్ళదే అనేవాడు తండ్రి. ఇక రెండోది, కుట్టడం పూర్తయిన ప్రతి పరుపు మీదా, అది గడప దాటే ముందు, కొట్టు యజమాని వెల్లకిలా పడుకోవాలి. పనివాళ్ళు పనికిరారు, యజమానే పడుకోవాలి. వేడి టీ ఒకటి పక్కన పెట్టుకుని, అది చల్లారేదాకా కదలకుండా.

కన్ను మోసపోతుంది. అరచెయ్యి కూడా మోసపోతుంది. ఏకిన దూది ఎలాంటిదైనా పైకి మబ్బు తునకలా తెల్లగా, మెత్తగా కనబడుతుంది. చల్లగా ఉన్నంతసేపు దూది తన సంగతి చెప్పదు. ఒంటి వేడి పొర తరువాత పొర దిగి అడుగుకు చేరాకే, లోపల ఉన్నదేదో వాసనై పైకి వస్తుంది. తడిసి ఆరనిదీ, బూజు పట్టినదీ, ఏకేవాడు బద్ధకించి వదిలేసిన ఉండా, అన్నీ అప్పుడే బయటపడతాయి. తండ్రి ఈ పద్ధతిని ఎంత నిష్ఠగా పాటించేవాడంటే, ఆయనకు ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే, పగటిపూట పడుకోవడమని భార్య చెప్పేది.

కొడుక్కీ అదే ఉద్యోగం దక్కింది. ఇన్నేళ్ళలో ఆయన విప్పని పరుపు లేదు. పసిపిల్లల తడి మరకలూ, జబ్బుపడ్డవాళ్ళ చెమటా, దంపతుల రహస్యాలూ, రాలిన జుట్టూ, కొరికి ఉమ్మిన గోళ్ళూ చూశాడు. లోపల దొరికిన పక్కపిన్నులూ, గుండీలూ, పాలపళ్ళూ చిన్న గుడ్డపేలికలో మూటకట్టి పరుపు మూలకు వేలాడదీసి పంపేవాడు. మరకను చూసి సిగ్గుపడుతూ పరుపు తెచ్చిన వాళ్ళతో, "మా ఇంట్లోది చూస్తే మీరు ఇది పూజగది అనుకుంటారు," అనేవాడు. ఎన్నడూ ముక్కు మూసుకోలేదు. నిద్రపోయే మనిషి నటించడు కాబట్టి, నిద్ర మిగిల్చిన మురికి తనకు అసహ్యం కలిగించలేదని ఆయన అనుకునేవాడు.

మరి ఇప్పుడు అసహ్యం పుడుతున్నది దేనికి? శుభ్రమైన చొక్కాలకా? ఇస్త్రీ చేసిన నవ్వులకా? ఎవరి పిల్లనో ఎత్తుకుని ఫొటో తీయగానే దించేసి దులుపుకున్న తన చేతికా?

ఆయన నిలబడటానికి కారణం చిన్నది. కొట్టు ముందు మురుగు కాలవ వాన పడ్డప్పుడల్లా పొంగి లోపలికి వస్తుంది. భార్యా ఆయనా చీపుళ్ళతో నీళ్ళు తోసి, దూది బస్తాలు మేడ మీదికి మోసి, మళ్ళీ దించి, నడుములు పట్టుకుని కూలబడటం ప్రతి వానకూ ఉన్నదే. కాలవ కట్టించమని మండలి సభ్యుడి దగ్గరికి వెళ్ళాడు. ఆ సభ్యుడు పెద్ద వీధిలో బేకరీ ఆసామి. పొడి చక్కెర అంటిన వేళ్ళు నాక్కుంటూ మొత్తం విని, "అంత ముచ్చటగా ఉంటే నువ్వే నిలబడి కట్టించుకో," అన్నాడు. కొట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. పరుపులాయన ఆ మాటను నిజమని తీసుకున్నాడు. ఆయన తప్పల్లా అదేనేమో, వెటకారాన్ని సలహాగా తీసుకోవడం.

నిలబడ్డ మర్నాడే బావమరిది దిగాడు. భార్యకు తమ్ముడు. పాత కార్లకు రంగులు వేయించి అమ్మే వ్యాపారం అతనిది. ఎన్నికలంటే కూడా అంతేనని, బండి ఎలా నడుస్తుందో ఎవడూ అడగడని, తలుపు వేసినప్పుడు వచ్చే చప్పుడు బాగుంటే చాలని అతని నమ్మకం. అద్దం ముందు నిలబెట్టి బావకు నవ్వడం నేర్పాడు. చేతులు ఎలా పట్టుకోవాలో, ముసలివాళ్ళ దగ్గర ఎంత వంగాలో నేర్పాడు. పడుకుని చూసే పద్ధతి గురించి ఒకసారి విని, "దీన్ని వాడుకోవాలి బావా," అన్నాడు. మరునాటినుంచీ ప్రతి వీధి మలుపులోనూ మైకులో అదే కథ వినిపించింది. జనం పడుకునే ముందు తాను పడుకుని చూసే నాయకుడట. జనం చప్పట్లు కొట్టారు. కథ ఊరంతా తిరుగుతూ ఉంటే, కొట్లో టీ చల్లారడం ఆగిపోయింది. పరుపులు కుట్టగానే వెళ్ళిపోతున్నాయి. వాటి మీద పడుకునే తీరిక యజమానికి లేదు.

ఆసుపత్రి ఆలోచన కూడా బావమరిదిదే. ప్రభుత్వ ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు పరుపులు చిరిగి, కుళ్ళి, మంచాల ఇనుప బద్దలు రోగుల వీపులకు అచ్చులు వేస్తున్నాయని ఊరంతా అనుకుంటోంది. వార్డు మొత్తానికి కొత్త పరుపులు కుట్టి ఇస్తే, ఆ పుణ్యం ఓటై వస్తుందని అతను లెక్క వేశాడు. పరుపులాయనకు ఆ లెక్క నచ్చలేదు గానీ, పరుపులు నచ్చాయి. మండలికి వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ వీపులకైతే మేలు జరుగుతుంది కదా అనుకున్నాడు. పని బావమరిదికి అప్పగించాడు. చివర్లో వచ్చి ఒక్కొక్కదాని మీదా పడుకుని చూస్తానన్నాడు.

ఒక సాయంత్రం మీటింగుకు వెళుతూ కొట్లో తొంగి చూశాడు. వెనక గదిలో తాను కొనని గోతాలు వరసగా ఉన్నాయి. ఒకదాని మూతి విడిపోయి బూడిదరంగు దూది బయటికి తొంగి చూస్తోంది. తండ్రి కాలంనుంచీ కొట్లో కుట్టుపని చేస్తున్న ముసలామె, అందరూ కుట్లమ్మ అని పిలిచే మనిషి, దబ్బనంలో దారం ఎక్కిస్తూ తలెత్తి ఆయన వైపు చూసింది. ఇదేమిటని ఆయన అడిగాడు. మధ్య పొరకని, చవగ్గా దొరికిందని, పైనా కిందా కొత్త దూదే వేస్తున్నామని, మీటింగుకు ఆలస్యమైపోతోందని బావమరిది ఒకే ఊపిరిలో చెప్పాడు. పరుపులాయన చెయ్యి ఆ గోతం వైపు లేచింది. లేచిన చెయ్యి చొక్కా పైగుండీ సర్దుకుని దిగిపోయింది. ఆయన వెళ్ళిపోయాడు.

ప్రశ్న తట్టిన రోజు, పొద్దుటి గడపలన్నీ ముగిసి మధ్యాహ్నం ఆసుపత్రికి చేరేసరికి అది ఇంకా ఆయన వెంటే ఉంది.

వార్డు పొడుగాటి గది. ఎత్తైన కిటికీలు, పెచ్చులూడిన ఆకుపచ్చ గోడలు, ఫినాయిల్ వాసన. రోగులను దుప్పట్లు కప్పి గోడ వార బల్లల మీద కూర్చోబెట్టారు. మంచాలన్నీ వాళ్ళ కోసం కాక ఫొటోల కోసం సిద్ధంగా ఉన్నాయి. చారల గుడ్డ తొడిగిన కొత్త పరుపులు బిగుతుగా, బొద్దుగా కనబడుతున్నాయి. ప్రతి పరుపు మూలా అరచెయ్యంత గుడ్డముక్క మీద ఆయన మొహం అచ్చు వేయించి కుట్టారు. గదిలో ఎటు తిరిగినా తానే నవ్వుతున్నాడు.

తుంటి విరిగి నెలల తరబడి అక్కడే ఉన్న ముసలి పోస్ట్‌మ్యాన్ ఒకాయన, కర్ర మీద గడ్డం ఆనించి ఆ మొహాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. "ఈ బొమ్మ తలవైపు రావాలా బాబూ, కాళ్ళవైపా? మళ్ళీ మేం తెలియక కాళ్ళు పెడితే మీకు బాధ."

"తలవైపే తాతా," అన్నాడు బావమరిది, నవ్వు చెదరకుండా.

"సరే మరి. నాకు నిద్రలో చొంగ కారుతుంది. ముందే చెప్పాను."

బల్లల మీదివాళ్ళు మూలుగుతూనే నవ్వారు. పరుపులాయన కూడా నవ్వాడు. ఆ వారంలో ఆయన సొంత నవ్వు అదొక్కటే.

పరుపులు అందజేయవలసిన పెద్ద డాక్టరు ఇంకా రాలేదు. ఈలోగా ఫొటో తీసేద్దామన్నాడు బావమరిది. ఊరంతా విన్న కథకు ఒక బొమ్మ కావాలి కదా. "పడుకో బావా. హాయిగా, కళ్ళు మూసుకుని, ఇంట్లో పడుకున్నట్టు."

ఆయన బూట్లు విప్పి, కిటికీ పక్క మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. ఫొటోలాయన వెలుతురు బాగాలేదన్నాడు. పరదా తీయించాడు, మళ్ళీ వేయించాడు, స్టూలు తెప్పించుకున్నాడు, ఏదో తీగ కోసం వెతికాడు. ఒక కప్పు టీ చల్లారేంతసేపు పట్టింది.

ముందు కొత్త దూది వాసన వచ్చింది, ఎండ తిన్న గింజ వాసన. ఒళ్ళు అలవాటుగా సడలింది. తండ్రి నేర్పిన ఆ పనిలోకి వీపు తనంతట తాను జారుకుంది. వేడి దిగుతోంది. ఒక పొర దాటింది. అప్పుడు కిందినుంచి, ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టు నెమ్మదిగా, ఇంకొకటి వచ్చింది. మందునీళ్ళు. చీము అంటి ఎండిన కట్టు. ఎన్నోమార్లు తడిసి ఎన్నోమార్లు ఆరిన మూత్రం. జ్వరపు చెమట, దాని మీద మరొకరి జ్వరపు చెమట. ఆయన జీవితమంతా మనుషుల పడకల వాసన చూసినవాడు. ఒక మనిషిదైతే గుర్తుపట్టగలడు, ఒక కుటుంబానిదైనా గుర్తుపట్టగలడు. ఇది ఒక మనిషిది కాదు. ఒక వార్డుది.

"నవ్వండి," అన్నాడు ఫొటోలాయన.

ఆయన నవ్వాడు. అదే ఆయనను అన్నిటికంటే భయపెట్టింది. ముక్కు నిండా ఆ వాసన ఉండగా, పెదవులు మాత్రం నేర్పిన చోటికి నేర్పినట్టుగా వెళ్ళి నిలబడ్డాయి.

ఆయన లేచి కూర్చున్నాక పోస్ట్‌మ్యాన్ కర్ర ఊతంతో దగ్గరికి వచ్చాడు. ఎవరికీ వినబడకుండా, ఓదార్పుగా అడిగాడు. "మీకూ తెలిసిందా?"

"ఏమిటి?"

"అవి మా పాత పరుపులే కదా. పొద్దున నర్సమ్మ అటు తిరగ్గానే ఆ చివరిదాని మీద కాసేపు నడుం వాల్చాను. పైన కొత్తదే. కడుపులో మాత్రం మాదే. ఇన్నాళ్ళు దాని మీద దొర్లినవాణ్ణి, నా పరుపుని నేను గుర్తుపట్టనా?" ఆయన గొంతులో కోపం లేదు. "అందుకే ఎవరికీ చెప్పలేదు. పాపం మీరంతా ఇంత హడావిడి చేశారు, మీ మనసు కష్టపెట్టడం ఎందుకని."

ఆ మర్యాద చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. తిడితే ఎదురు చెప్పవచ్చు. కుళ్ళిన దూది మీద రాత్రంతా పడుకోవడానికి సిద్ధపడి, ఇచ్చినవాడి మనసు నొప్పించకూడదనుకునే మనిషికి ఏమి చెప్పగలడు?

వార్డు చివర కుట్లమ్మ నేల మీద కూర్చుని, ఊడిన గుడ్డముక్క ఒకటి పరుపుకు బిగిస్తోంది. పరుపులాయన ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. చిన్నప్పటినుంచీ ఆయన ఆమెను పిన్నీ అనే పిలుస్తాడు.

"ఇందులో ఏముందో నీకు తెలుసా పిన్నీ?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆమె దారం పళ్ళతో తెంపి, ఆయన మొహంలోకి చూసింది. "నువ్వు వచ్చావుగా ఆ రోజు. గోతం ముందు నిలబడ్డావు. చూశావు. వెళ్ళావు. నువ్వు చూసి వెళ్ళినదాన్ని నేను నీకేం చెప్పను అబ్బాయ్? సరేనన్నావనుకున్నాను."

ఆమె తిట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయనకు ఆ క్షణాన తన చెయ్యి కనబడింది, గోతం వైపు లేచి, గుండీ దగ్గరికి దారి మళ్ళిన చెయ్యి. తెలియకపోవడం ఒక స్థితి. ఆ సాయంత్రం తాను చేసింది మాత్రం ఒక పని. తెలుసుకోకుండా ఉండటానికి ఒళ్ళు కదిలించి, మెలకువతో, నైపుణ్యంతో చేసిన పని. ఆ నైపుణ్యం ఎవరూ అద్దం ముందు నిలబెట్టి నేర్పింది కూడా కాదు.

ఆయన లేచి, దుప్పట్లు పెట్టే గదిలోకి బావమరిదిని పిలిచాడు. అక్కడ భార్య నర్సమ్మకు సాయంగా దుప్పట్లు మడత పెడుతోంది. నర్సమ్మ మడతలు తీసుకుని బయటికి వెళ్ళేదాకా ఆగి, దూది ఎక్కడిదని అడిగాడు.

బావమరిది తడుముకోలేదు. ఆసుపత్రివాళ్ళు పాత పరుపులు పారేస్తే తుక్కు కొనేవాడు ఎత్తుకెళ్ళాడట. వాడి దగ్గర తీసుకుని, బాగా ఏకించి, పైనా కిందా కొత్త దూది పరిపించాడట. మధ్యలో ఏముందో ఎవడు చూడొచ్చాడు? "అయినా నువ్వే అంటావు కదా బావా, ఎవరి దూది వాళ్ళకే చేరాలని. వాళ్ళ దూది వాళ్ళకే చేర్చాం. నీ పద్ధతి ఎక్కడా తప్పలేదు."

అతను వెటకారంగా అనలేదు. నిజంగానే ఆ మాటలో ఒక సమర్థన దొరికిందని ముచ్చటపడుతున్నాడు. పరుపులాయన కిటికీ వైపు నడిచాడు. తండ్రి మాట ఇంత శుభ్రంగా, అక్షరం పొల్లుపోకుండా, ఇలాంటి చోటికి చేరుతుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. తొడుగు ఏదైనా సరే, లోపల ఏదైనా కుక్కవచ్చు. మాటకైనా అంతే కాబోలు.

"బయటికి చెప్పి ఏం సాధిస్తావు?" అన్నాడు బావమరిది, ఈసారి గొంతు తగ్గించి. ఆదివారం దాకా ఓపిక పట్టమన్నాడు. గెలిచాక సోమవారం వ్యాన్లు పెట్టి అన్నీ మార్పిద్దామన్నాడు. ఇప్పుడు నోరు జారితే బేకరీవాడు నడివీధిలో మిఠాయిలు పంచుతాడని, కాలవ ఇంకో ఐదేళ్ళు అలాగే పొంగుతుందని, వచ్చే వానకు మళ్ళీ అక్కయ్యే బస్తాలు మోయాలని చెప్పాడు. "అక్కా, నువ్వైనా చెప్పు."

అందులో అబద్ధం లేదు. అదే చిక్కు. పరుపులాయన కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. ఆదివారం ఎంతో దూరం లేదు. ఈలోగా ఎవరూ చచ్చిపోరు. వీపు మీద పుండు ఉన్నవాళ్ళకు ఇంకాస్త మానదు, అంతే. ఆ 'అంతే' అన్న మాట తన తలలోనే, తన గొంతుతోనే వినబడి ఆయన ఉలిక్కిపడ్డాడు. మండలిలో కూర్చుని కాలవల గురించీ, బడుల గురించీ, వీపుల గురించీ ఆ గొంతే మాట్లాడుతుంది. నెమ్మదిగా, లెక్కగా, 'అంతే' అంటూ.

బావమరిదిని అసహ్యించుకోవడం సులువు. పాత బండికి రంగు వేసేవాడు రంగే వేస్తాడు. కానీ గోతం ముందు దారి మళ్ళింది అతని చెయ్యి కాదు. ఇందాక ఫొటోలో నవ్వింది అతని పెదవులు కావు.

భార్య మడత పెడుతున్న దుప్పటి పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది. ఆయన వీపు వైపు వంగి, మొహం చిట్లించింది.

"మీ చొక్కాకి వాసన అంటుకుంది. విప్పి ఇవ్వండి, వేరేది తెప్పిస్తాను."

"ఉండనీ," అన్నాడాయన. "కొట్లో అమ్మకానికి ఉన్నవి ఈ మంచాలకు సరిపోతాయా?"

ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. అడిగినది పరుపుల గురించి మాత్రమే కాదని ఆమెకు తెలిసింది. చెయ్యి నడుము మీదికి వెళ్ళింది. ఆమె నడుము, ప్రతి వానకూ బస్తాలు మోసిన నడుము, తన వంతు మాట అడుగుతున్నట్టు ఉంది.

"మరి కాలవ?" అంది చివరికి.

"చీపుళ్ళున్నాయి కదా."

"ఉన్నాయి." ఆమె నిట్టూర్చింది. కొంగు నడుముకు దోపుకుంది. "కొట్లోవి సరిపోవు. ఇంట్లోవి కలిపితే సరిపోవచ్చు. మనదీ, పిల్లలవీ, చుట్టాల కోసం అటక మీద పెట్టినవీ. పనికని ఊళ్ళోవాళ్ళు ఇచ్చిన పరుపులు మాత్రం ముట్టుకోను."

"ముట్టుకోవద్దు."

ఆమె తమ్ముడి వైపు చెయ్యి చాపింది. "ప్రచారం వ్యాను తాళాలు ఇవ్వరా."

"అక్కా, నీకేమైనా పిచ్చా? ఆ వ్యాను మీద బావ బొమ్మ ఉంది. పాత పరుపులు మోసుకుంటూ దాంట్లో ఊరేగుతావా?"

"బొమ్మ బరువేముందిరా. ఇవ్వు."

అతను ఇవ్వలేదు. ఆమె అతని చొక్కా జేబులోంచి, చిన్నప్పుడు దొంగిలించిన గోలీలు లాక్కున్నట్టు, తాళాలు లాక్కుని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

బయట కలకలం మొదలైంది. పెద్ద డాక్టరు వచ్చాడు. తెల్ల కోట్లు, కుర్చీల జరుగుడు, ఎవరో మైకు మీద గోటితో టకటక కొట్టడం. బావమరిది పరుపులాయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు గట్టిగా ఉంది గానీ గొంతు బతిమాలుతోంది. ముందు మైకులో రెండు ముక్కలు మాట్లాడమని, ఇంటికెళ్ళాక కావాలంటే తనను కొట్టమని అన్నాడు. పరుపులాయన ఆ చేతిని మెల్లగా విడిపించుకున్నాడు. ఆ చెయ్యి కూడా తడిగానే ఉంది. ఈసారి ఆయన తన చేతిని చొక్కాకు తుడుచుకున్నాడు.

వార్డులోకి వచ్చి, మైకు దాటి, నేరుగా కుట్లమ్మ దగ్గరికి నడిచాడు.

"కత్తి ఇవ్వు పిన్నీ."

పరుపులు విప్పే కత్తి, పిట్టముక్కులా వంగిన చిన్నది, ఎప్పుడూ ఆమె నడుముకే ఉంటుంది. ఏ పరుపు, ఎందుకు అని ఆమె అడగలేదు. తీసి, పిడి ఆయన వైపు తిప్పి ఇచ్చింది.

పెద్ద డాక్టరు చిరునవ్వుతో ఎదురుచూస్తున్నాడు. ఇది కూడా కార్యక్రమంలో భాగమే అనుకున్నాడు కాబోలు. ఫొటోలాయన స్టూలెక్కాడు. పరుపులాయన కిటికీ పక్క మంచం దగ్గర ఆగాడు. తన వీపు అచ్చు ఆ పరుపు మీద ఇంకా కొద్దిగా పల్లంగా ఉంది. మైకు ఆయనకు అందేంత దగ్గరలో లేదు. మామూలు గొంతుతో, బల్లల మీద కూర్చున్నవాళ్ళకు వినబడేలా చెప్పాడు.

"ఇవి నేను పడుకుని చూడని పరుపులు. లోపల మీ పాత దూదే ఉంది. నాకు తెలిసే అవకాశం ఉండి కూడా తెలుసుకోలేదు. సాయంత్రానికి వేరేవి వస్తాయి. అప్పటిదాకా మీరు బల్లల మీదే కూర్చోవాలి."

పోస్ట్‌మ్యాన్ కర్ర మీదినుంచి గడ్డం ఎత్తాడు.

పరుపులాయన కత్తిమొనను తన మొహం కుట్టిన మూల కిందికి దూర్చి, ఒక్క లాగుడులో అంచు పొడుగునా చీల్చాడు. తెల్లటి పొర పక్కకు తొలగింది. దాని కిందినుంచి బూడిదరంగు దూది, పసుపు మరకలతో, కట్టుగుడ్డల పోగులతో, ఊపిరి వదిలినట్టు ఉబ్బుకుంటూ బయటికి వచ్చింది. వెంటనే వాసన వచ్చింది. ముందు వరసలో ఎవరో ముక్కుకు కొంగు అడ్డుపెట్టుకున్నారు. పెద్ద డాక్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఫొటోలాయన, వృత్తిధర్మం కొద్దీనో అలవాటు కొద్దీనో, ఒక ఫొటో తీశాడు.

ఆయన ముక్కు మూసుకోలేదు. రెండు చేతులూ మోచేతులదాకా లోపల పెట్టి, ఆ రోజు గోతంలో పెట్టవలసిన చేతులు, అందిన దూదినంతా లాగి నేల మీద వేశాడు.

తరువాత పక్క మంచం దగ్గరికి వెళ్ళాడు.